సత్రం గీజరుకు రెండు తీగలూ తెంచే స్విచ్ ఎందుకు?

గీజరుకు కరెంటు ఆగిందని ఎలా తెలుస్తుంది? దీపం ఆరితేనో, నీళ్లు చల్లబడితేనో తెలుస్తుందంటారు చాలామంది. ఆ రెండింటినీ నమ్మడానికి లేదు. నీళ్లు కాగగానే థర్మోస్టాట్ తనంతట తానే కరెంటు ఆపుతుంది, కాస్త చల్లారగానే మళ్లీ కలుపుతుంది. ఆ మధ్యలో మూత విప్పితే అంతా నిద్రపోతున్నట్టే ఉంటుంది. కానీ ఫేజ్ తీగ 230 వోల్టులతో టెర్మినల్ దాకా వచ్చి ఉంటుంది.

ఇంట్లో ఏ స్విచ్ దేనిదో ఇంటివాళ్లకు తెలుసు. సత్రంలో, హాస్టల్లో, కల్యాణ మండపంలో అలా కాదు. స్నానానికి వచ్చినవారు ఆ ఊరివాళ్లే కాకపోవచ్చు. రిపేరుకు వచ్చిన మనిషి ఆ వైరింగ్‌ను మొదటిసారి చూస్తుండవచ్చు. అందుకే ఇలాంటి చోట ఎవరికీ ఏమీ తెలియదనుకునే వైరింగ్ చేయాలి.

మామూలు స్విచ్ చాలదా? అది ఒక తీగనే తెంచుతుంది. పాత భవనంలో ఎక్కడో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే, తెగేది న్యూట్రల్. దీపం వెలగదు, నీళ్లు కాగవు, ఎలిమెంటులో మాత్రం కరెంటు ఉంటుంది. డీపీ (డబుల్ పోల్) స్విచ్ రెండు తీగలనూ ఒకేసారి తెంచుతుంది. దాన్ని తడి చేతులకు అందకుండా స్నానాల గది బయట పెట్టి, పక్కనే గది నంబరు రాయాలి. ఎర్త్ తీగను మాత్రం ఏ స్విచ్ గుండానూ తీసుకెళ్లకూడదు.

వైరు ఎంత లావుండాలి? 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అంటే 6 ఆంపియర్ల చిన్న సాకెట్ పనికిరాదు. ఒక్కో గీజరుకూ డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కరెంటు మితిమీరితే తెంచే 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఉండాలి. దూరం ఎక్కువైనా, ఒకే పైపులో చాలా వైర్లు పోతున్నా 4 స్క్వేర్ ఎంఎం వేయడం మేలు. ఇళ్లలో అన్నీ ఒకేసారి నడవవని లెక్క తగ్గించుకోవచ్చు. కార్తీక మాసపు తెల్లవారుజామున సత్రంలో ఆ లెక్క చెల్లదు, అన్నీ నడుస్తాయి. తొమ్మిది గీజర్లుంటే ఫేజుకు మూడు చొప్పున పంచినా ఒక్కో ఫేజు మీద 26 ఆంపియర్లు పడుతుంది.

ఇంత చేసినా సాకెట్లు ఎందుకు మాడతాయి? చాలావరకు వదులైన స్క్రూ వల్ల. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వదులైన కలయిక దగ్గర అర ఓం నిరోధం చేరిందనుకోండి, 8.7ని 8.7తో గుణించి సగం చేస్తే దాదాపు 38 వాట్లు. రేడియో రిపేరు చేసేవారి సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! అంత వేడి ఒక్క స్క్రూ చుట్టూ చేరుతుంది. ఎంసీబీకి ఇది కనిపించదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. ఆర్‌సీసీబీకీ కనిపించదు, ఎందుకంటే కరెంటు బయటికి కారలేదు. దీనికి మందు మనిషి చెయ్యే: చలికాలానికి ముందు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ సరఫరా ఆపి ప్రతి టెర్మినల్‌నూ బిగించి చూడాలి. సత్రాల నిర్వాహకులు రంగులకు పెట్టే ఖర్చులో కొంత ఈ పనికి పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

మరి ఆర్‌సీసీబీ చేసేదేమిటి? ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందో లేదో పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సరఫరా తెంచుతుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎలిమెంటు తొడుగు చిట్లినప్పుడు ప్రాణం కాపాడేది ఇదే. దాని టెస్ట్ బటన్ తరచూ నొక్కి చూడాలి. ఆ బటన్ ఎర్తింగ్‌ను పరీక్షించదు, దాన్ని విడిగా కొలిపించాలి.

రిపేరు చేసేటప్పుడు ఎలా? మన లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ ఆపినట్టు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు. సత్రంలోనూ అదే పద్ధతి కావాలి. డీబీలో ఎంసీబీ ఆపి, దానికి క్లిప్పుతో తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉంచుకోవాలి. ‘పని జరుగుతోంది’ అన్న అట్ట తగిలించాలి. తర్వాత మీటరును కరెంటున్న సాకెట్లో ఒకసారి చూసి, గీజరు టెర్మినళ్ల మీద చూసి, మళ్లీ ఆ సాకెట్లో చూడాలి. మధ్యలో మీటరే పాడైతే ఆ మూడో పరీక్షలో బయటపడుతుంది. టెస్టర్ స్క్రూడ్రైవర్ ఒక్కదాన్నే నమ్మకూడదు.

నెలల తరబడి వాడని గీజరు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే? ఎలిమెంటులోని మెగ్నీషియం ఆక్సైడ్ తేమ పీల్చుకుని ఉండవచ్చు, లేదా తొడుగే చిట్లి ఉండవచ్చు. అతిథులు ఎదురుచూస్తున్నారని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం ప్రాణాలతో చెలగాటం. అన్ని డీపీ స్విచ్‌లూ ఆపి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేసినప్పుడు పడిందో ఆ గీజరును ఆపేసి పరీక్షకు పంపండి, మిగతావి నడుపుకోండి. ఒక తీగనే తెంచే స్విచ్ అయితే, లోపం న్యూట్రల్ వైపు ఉన్నప్పుడు ఆ గీజరును ఆపినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉండవచ్చు. డీపీ స్విచ్ ఉన్నచోట ఆ వెతుకులాట నిమిషాల్లో ముగుస్తుంది.