పాత కారవాన్లలో చెమ్మ, నీటి కారుడు

కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే, లోపల పడకలు, పొయ్యి, బల్ల మొదలైన సదుపాయాలు గల బండిని టూరింగ్ కారవాన్ అంటారు. బ్రిటన్‌లో సెలవులు గడపడానికి వీటిని విరివిగా వాడతారు. అక్కడ బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎకల్స్ సంస్థ 1919లోనే వీటిని తయారుచేసి అమ్మడం ప్రారంభించింది. కారవాన్‌కు ఇంజను లేదు కనుక అరిగిపోయే భాగాలు తక్కువ. పాత కారవాన్ ఆయువును తీసేది సాధారణంగా గోడల లోపలికి చేరే నీరే. బయటకు చక్కగా మెరిసే బండి కూడా లోపల చివికిపోయి ఉండవచ్చు.

నిర్మాణం

2010 ప్రాంతం వరకు తయారైన బ్రిటిష్ కారవాన్లలో అధికభాగం చెక్క చట్రంతో కట్టినవి. గోడకు వెలుపల మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకు, మధ్యలో చెక్క బద్దీలు, వాటి నడుమ పాలీస్టైరీన్ పలక, లోపల కాగితం లేదా వినైల్ అతికించిన సుమారు 3 మి.మీ. ప్లైవుడ్ ఉంటాయి. బలమంతా ఈ పొరలు ఒకదానికొకటి అంటుకొని ఉండడంలోనే ఉంది. లోపలికి చేరిన నీరు బయటి రేకు గుండా ఆరదు, లోపలి వినైల్ గుండా కూడా దాదాపు ఆరదు. చెక్క దానిని పీల్చుకొని నానుతుంది, శిలీంధ్రం పట్టి మెత్తబడుతుంది. రేకు కూడా లోపలి వైపు నుండి తినబడి, తెల్లని పొడి రాలి, సూది బెజ్జాలు పడుతుంది.

నీరు చేరే మార్గాలు

గోడ, పైకప్పు కలిసే మూలల వెంట ఒక అల్యూమినియం పట్టీని మరలతో బిగిస్తారు. పక్కన గుడారం తగిలించే గాడి సాధారణంగా దీనిలోనే ఉంటుంది. పట్టీ కింద లప్పం వంటి మాస్టిక్ పరుస్తారు. ప్రయాణంలోని కుదుపులకు, ఎండకూ చలికీ రేకులు సాగి ముడుచుకోవడం వలన కాలక్రమంలో ఆ మాస్టిక్ ఎండి పగులుతుంది. మరలు తుప్పుపట్టి సన్నబడతాయి. కిటికీల చట్రాలు, పైకప్పు గవాక్షాలు, దీపాలు బిగించిన చోట్లు కూడా ఇటువంటివే.

పెంకుటింట్లో చుక్క పడేచోట పెంకు పగిలి ఉండదు. నీరు వాసం వెంట జారి దూరంగా కారుతుంది. కారవాన్‌లోనూ అంతే. కిటికీ కింద మరక కనిపిస్తే తప్పు కిటికీదేనని తీర్మానించరాదు. పైన ఉన్న పట్టీయే కారణం కావచ్చు.

పరీక్ష

రెండు సూదులు గల తేమమాపకంతో గోడలను అడుగడుగునా కొలుస్తారు. సాధారణంగా 15 శాతం లోపు ఉంటే మంచిదే. 20 దాటితే వెతకవలసినదే. 30 దాటితే చెక్క పాడైనట్లు అనుమానించాలి. మార్గాన్ని కనుగొనడానికి గొట్టంతో నీళ్లు చల్లవచ్చు. అయితే కింది నుండి మొదలుపెట్టి క్రమంగా పైకి పోవాలి. ముందే పైన చల్లితే ఏ అతుకు కారుతున్నదో తేలదు. కొందరు మరమ్మతుదారులు తలుపులు మూసి, పంఖాతో లోపల గాలి ఒత్తిడి పెంచి, వెలుపల అతుకులకు సబ్బునీరు పూస్తారు. బుడగలు లేచిన చోటే రంధ్రం.

మరమ్మతు

చాలామంది చేసే పని పట్టీ అంచు వెంట సిలికాన్ పూయడం. ఇది తాత్కాలికం మాత్రమే కాదు, హానికరం కూడా. కింద చివికిన మాస్టిక్ అలాగే ఉంటుంది. మరొక చోట చేరిన నీటికి బయటపడే దారి కూడా మూసుకుపోతుంది. పైగా పుల్లని వాసన వచ్చే రకం సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేసి అల్యూమినియాన్ని తింటుంది. దాని మీద మరే పూతా సరిగా అంటదు.

సరైన పద్ధతిలో పట్టీని పూర్తిగా ఊడదీస్తారు. పాత మాస్టిక్‌ను రేకు గీరుకుపోకుండా చెక్క లేదా ప్లాస్టిక్ బద్దతో తీసి, మిగిలిన జిడ్డును వైట్ స్పిరిట్‌తో తుడుస్తారు. లోపలి చెక్కను ఆరుతో పొడిచి చూసి, మెత్తబడినంత మేర కోసివేసి, క్రిమినాశక ద్రవం పట్టించిన కొత్త బద్దీని అతికిస్తారు. అంతకు ముందే గోడ ఆరాలి. లోపలి ప్లైవుడ్‌ను విప్పి, తేమను లాగే యంత్రాన్ని పెట్టినా దీనికి వారాలు పడుతుంది. తడి మీద మూసిన గోడ మళ్లీ చివుకుతుంది. తరువాత గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్ పట్టీని పరచి, తుప్పుపట్టని ఉక్కు మరలతో బిగిస్తారు. మర వదులైన రంధ్రాలలో జిగురు రాసిన చెక్క పుల్లలు దిగ్గొడతారు. పట్టీ అంచున పిండుకొని వచ్చిన మాస్టిక్‌ను కొన్ని రోజులు ఆగి కోస్తారు.

నేల పొరలు విడిపోయి అడుగువేస్తే కుంగుతున్నప్పుడు, పైనుండి రంధ్రాలు చేసి రెండు భాగాల రెసిన్‌ను ఎక్కించి బరువు పెడతారు. చెక్క కుళ్లిన నేలకు ఇది పనికిరాదు.

ఆవిరి వలన చెమ్మ

చలికాలంలో కిటికీల మీద, పరుపుల కింద కనిపించే తడి అంతా కారుడు కాదు. నిద్రించేవారి ఊపిరితో పాటు పొయ్యి కూడా నీటిని విడుదల చేస్తుంది: ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. చలి తగులుతున్నదని గాలి రంధ్రాలను మూయడం వలన చెమ్మ పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, లోపల గ్యాసు పొయ్యి వెలుగుతుండగా రంధ్రాలు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాపాయం కలుగుతుంది. వాడని నెలలలో పరుపులను నిలబెట్టి, అరల తలుపులు తెరిచి ఉంచుతారు.

పాత బండిని కొనేవారు పడక కింది అరలను, ముందు మూలలను తేమమాపకంతో తప్పక చూడాలి. అక్కడ కొత్తగా అతికించిన వాల్‌పేపరు కనిపిస్తే దాని వెనుక ఏమున్నదో అడిగి తెలుసుకోవాలి. చట్రం మూలలు చివికిన బండిని బాగుచేయించే ఖర్చు చాలాసార్లు దాని వెలను మించుతుంది.