తపస్సుమానిపై అర్జునుడు: వీరునికి క్రొత్తశక్తి అబ్బు విధము

ఉత్తర ఆర్కాటు సీమలో వేసవి వచ్చినదనగానే ద్రౌపదమ్మ గుడుల యెదుట భారతము మొదలగును. పగలు కథాప్రసంగము, రాత్రి ఆట. తమిళులు దీనిని తెరుక్కూత్తు అందురు, తెలుగువారు వీధినాటకమందురు. 1911 వరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తము ఒక్క జిల్లాలోనివే. ఆ యేట చిత్తూరు వేరు జిల్లా అయినను, ఈ ఆట మాత్రము ఎల్లకు ఇరుప్రక్కలను నిలిచినది.

ఈ ఉత్సవములో జనము క్రిక్కిరియు ఘట్టములలో అర్జునతపస్సు ఒకటి. ఆరుబయట ఎత్తయిన మ్రానును పాతుదురు. అదియే తపస్సుమాను. అర్జున వేషధారి మెట్టుమెట్టునకు ఆగి పాడుచు దానినెక్కును. కొననున్న మంచెపై నిలిచి విభూతిని, నిమ్మపండ్లను క్రిందికి విసరును. సంతానము లేని స్త్రీలు మాని చుట్టు సాష్టాంగపడి వానికై కాచుకొని యుందురు. కథలోని వీరుడు కోరినది అస్త్రము, వారు కోరునది బిడ్డ. ఈ భేదము అక్కడ ఎవరికిని అడ్డు కాదు.

తపస్సు చేసెను గనుక పాశుపతము లభించెనని సామాన్యముగా చెప్పుదురు. వ్యాసభారతములోని క్రమము అంత సులభమైనది కాదు. తపస్సు శివుని రప్పించినదే కాని అస్త్రమును ఇప్పింపలేదు. మూకాసురుడు వరాహరూపమున రాగా అర్జునుడును కిరాతుడును ఒక్కమారే బాణము వేసిరి. వేట ఎవరిదన్న వాదము పోరైనది. ఖాండవదహనము నాడు లభించిన అక్షయతూణీరములే వట్టిపోయినవి. వింటితో కొట్టగా కిరాతుడు విల్లు లాగికొనెను. కత్తి అతని తలపై విరిగినది. పిమ్మట చెట్లు, రాళ్లు, తుదకు పిడికిళ్లు. మల్లయుద్ధములో కిరాతుడు బిగించి నొక్కగా అర్జునుడు తెలివితప్పి పడెను. తెలివి వచ్చినపిదప మట్టితో లింగమును చేసి దానికి వేసిన పూలమాల కిరాతుని తలపై కనబడినది. పాదములపై బడిన తరువాతనే పాశుపతము.

నేటి వేలూరు బాలురకు ఇట్టి పోరులు జపాను చలనచిత్రకథలవలన బాగుగా తెలియును. 1984లో తొరియామా అకీరా ఆరంభించిన డ్రాగన్ బాల్ కథలో గోకూ అను వీరుడు, మిత్రుడైన క్రిలిన్‌ను ఫ్రీజా చంపగా చూచి, దుఃఖక్రోధములు పొంగి బంగారు జుట్టుతో మరియొక రూపము దాల్చును. ఉన్న బలము చాలకపోవుట రెండు కథలకును సమానమే. కాని గోకూ శక్తి అతని లోపలినుండి, కోపమువలన వెలువడినది. అర్జునునకో, కోపమున్నంతవరకు ఏమియు దక్కలేదు, ఇచ్చినవాడు ఎదిరియే. కథాశిల్పములో ఇది మరింత విచిత్రమైన మలుపనుటకు సందేహము లేదు.

ఇట్లు వెలుపలినుండి వచ్చిన శక్తికి కట్టుబాట్లు మెండు. అల్పబలునిపై తొందరపడి ప్రయోగించినచో లోకమే దగ్ధమగునని శివుడు హెచ్చరించెను. స్వర్గమునుండి తిరిగివచ్చి అన్నగారికి దివ్యాస్త్రములను చూపబోగా భూమి కంపించినది. నారదుడు వచ్చి, ఊరక వానిని ప్రయోగింపరాదని నివారించెను. మౌసలపర్వములో ఆభీరులు అడ్డగించి స్త్రీలను ఎత్తుకొని పోవుచుండగా ఆ అస్త్రములు స్మరణకే రాలేదు. మహాప్రస్థానమున అగ్ని యెదురై అడుగగా గాండీవమును నీటిలో విడువవలసివచ్చినది. ఎక్కడినుండి వచ్చినదో అక్కడికే పోయినదన్నమాట.

ఆటలో అర్జునుడు మానినుండి దిగివచ్చుటలో ఈ యర్థము లేకపోలేదు. గుడియాత్తములో వైకాసి మొదటినాడు జరుగు గంగమ్మ శిరస్సు ఉత్సవమునకు భారతముతో సంబంధము లేదు, రేణుక కథ దానికి మూలము. అయినను శక్తి రాకపోకలను అది కన్నులకు కట్టించును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి శిరస్సును ఊరేగించి, కౌండిన్యనది యొడ్డున గోపాలపురము గుడిలోని మొండెమునకు చేర్తురు. అప్పుడే అమ్మవారు పూర్ణరూపిణి. వేలకొలది జనము ఆ దర్శనమునకే వత్తురు. ప్రొద్దుగ్రుంకిన పిదప శిరస్సును మరల వేరుచేసి కొనిపోవుదురు.