సముద్రమట్టం: భద్రాచలం అడుగు, పోలవరం అడుగు

మన దేశంలో రైల్వేస్టేషను నామఫలకాలపై ఊరి పేరు క్రింద చిన్న అక్షరాలలో సముద్రమట్టానికి ఆ స్థలం ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో వ్రాయటం చిరకాలంగా ఉన్న ఆచారం. కాజీపేట నుండి బోనకల్లు మీదుగా విజయవాడ వెళ్ళేవారు స్టేషను స్టేషనుకు ఆ అంకె తగ్గుతూ పోవటం గమనించవచ్చు. సముద్రపు గాలి సోకని ఈ మెట్ట ప్రాంతానికి సముద్రంతో లెక్క ఏమిటని మన విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. వరద పటాల సంగతి తెలుసుకోదలచిన వారికి ఈ సందేహమే మొదటి మెట్టు అని మేము భావిస్తున్నాము.

సముద్రమట్టం అనగా నేమి? సముద్రం ఒక్క క్షణమైనా నిలకడగా ఉండదు. అలలున్నవి; దినానికి రెండుసార్లు ఆటుపోట్లున్నవి; అమావాస్యకు పౌర్ణమికి పోటు హెచ్చుతుంది. ఇవికాక విశాఖపట్టణం వద్ద సముద్రం వేసవి ప్రారంభంలో క్రుంగి, వానకాలం వెళ్ళిన తరువాత పొంగుతుంది. ఇట్టి చంచలమైన నీటిని కొలవటానికి రేవులలో ఒక నిలువు గొట్టం దింపుతారు. దాని అడుగున చిన్న రంధ్రం మాత్రమే ఉండటం వలన అలల అలజడి లోపలికి రాదు. లోపలి నీటిపై తేలే బెండు పైకి క్రిందికి కదలినప్పుడెల్లా దాని కదలిక కాగితంపై గీతగా నమోదవుతుంది. నేడు కొన్నిచోట్ల బెండుకు మారుగా రాడారు పనిచేస్తున్నది. చంద్రుని గమనంలో దాదాపు 19 ఏండ్లకు ఒక చక్రం పూర్తవుతుంది. కావున అన్ని సంవత్సరాల అంకెల సగటు తీస్తేనే నమ్మదగిన మట్టం దొరుకుతుంది.

భారత సర్వే శాఖ వారు 1909 నాటి లెక్కలో కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూరు, కొచ్చిన్, నాగపట్టణం, మద్రాసు, విశాఖపట్టణం, ఫాల్స్ పాయింట్ అను తొమ్మిది రేవుల సగటు మట్టాలను సున్నగా గ్రహించారు. ఆ రేవుల నుండి దుర్భిణి యంత్రంతో, అంకెల కర్రతో, మజిలీ మజిలీగా ఎత్తులు లెక్కకట్టుకొంటూ దేశం లోపలికి వచ్చారు. దారి పొడవునా వంతెనల మీద, స్టేషన్లలో, రాళ్ళ మీద గుర్తులు చెక్కారు. వీటినే బెంచి మార్కులంటారు. ఏ ఊరి ఎత్తయినా ఈ గొలుసు కట్టుకొని తీరానికి పోయి ముగియవలసినదే.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం వద్ద మున్నేరు 36 అడుగులకు చేరి కాలనీలను ముంచెత్తినది. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులు వచ్చిన పిదప గాని మొదటి హెచ్చరిక జారీ కాదు. అయితే మున్నేరు గోదావరి కన్న భయంకరమా? కాదు. ఆ అడుగు వేరు, ఈ అడుగు వేరు. ప్రతి కొలబద్దకు తన సున్న తనకు ఉన్నది. అది ఆ రేవుకు మాత్రమే చెల్లే నాణెం.

కేంద్ర జలసంఘం వారు భద్రాచలం మట్టాలను సముద్రమట్టం నుండి మీటర్లలో ప్రకటిస్తారు. వారి హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు. అడుగులలోకి మార్చితే ఇవి 150, 160 అవుతాయి. రేవులోని కొలబద్ద మీద ఇవే 43, 53 అడుగులు. అనగా భద్రాచలం కొలబద్ద సున్న సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున ఉన్నదన్నమాట. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగుల వరదకు 107 కలిపి చూడండి, 182.6 అడుగులు, అదే 55.66 మీటర్లు. జలసంఘం రికార్డులో ఉన్న అంకె కూడ ఇదే.

ఈ చిన్న కూడికకు గల ప్రాముఖ్యం పోలవరం వద్ద తెలుస్తుంది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులని అందరూ విన్నదే. అది సముద్రమట్టం నుండి కొలిచిన 150. భద్రాచలం లెక్కలో అది సరిగ్గా 43, మొదటి హెచ్చరిక. జలాశయం నిండా నీరు నిలిపిన నాడు ఎగువ నుండి వరద లేకున్నా భద్రాచలం కొలబద్ద 43 అడుగులకు తగ్గకుండా ఉండవలసియున్నది. ఈ రెండు అడుగులను కలిపి చూడని వారికి 43 ఎక్కడ, 150 ఎక్కడ అనిపిస్తుంది. వెనుక జలాల ప్రభావాన్ని తిరిగి అధ్యయనం చేయాలని తెలంగాణ ప్రభుత్వం కోరుతూ వచ్చినదంటే అందులో రాజకీయం కొంత ఉండవచ్చు గాని, మూలంలో ఉన్నది ఈ అంకగణితమే.

పటంపై ముంపు రేఖ గీయటం మరింత చిక్కైన పని. ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నీ కలిపితే సమోన్నత రేఖ వస్తుంది. పోలవరం నిర్వాసితులను మొదట 41.15 మీటర్ల రేఖకు, అనగా 135 అడుగులకు లోపలివారని, పిదప 45.72 మీటర్ల రేఖకు లోపలివారని దశలుగా విభజించారు. చెరువులో నిలిచిన నీటికి ఈ రేఖ సరిపోతుంది. పారే వరదకు సరిపోదు. వరద నీరు ఏటవాలుగా ఉంటుంది. ఎగువకు పోయిన కొద్దీ దాని ఎత్తు పెరుగుతుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద 71.3 అడుగులు వచ్చినప్పుడు అక్కడి నీరు సముద్రమట్టానికి 178 అడుగుల పైన ఉన్నది. ఆ వరదలో మొదటి రేఖకు వెలుపల ఉన్నవని వ్రాసిన గ్రామాలు కూడ మునిగినవి. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014 వరకు మన ఖమ్మం జిల్లాలోనివే. అక్కడి కోయ కుటుంబానికి ఆ గీత కేవలం సిరా గీత కాదు. గీతకు లోపల ఉంటే ముందుగా పరిహారం, బయట ఉంటే ఎదురుచూపు.

అడవి వలన ఇంకొక పొరపాటు కలుగుతుంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడారుతో భూగోళంలో అధిక భాగం ఎత్తులు కొలిచినది. ఆ లెక్క ఉచితంగా దొరుకుతుంది కావున ప్రపంచమంతటా వరద పటాలకు అదే ఆధారమైనది. కాని ఆ రాడారు చాలాచోట్ల నేలను చూడక చెట్ల తలలను, ఇండ్ల కప్పులను చూసినది. టేకు అడవి క్రింది నేల, కోనసీమ కొబ్బరితోట క్రింది నేల పటంలో ఉన్నదానికన్న ఎత్తుగా కనబడతాయి. ఎత్తుగా కనబడిన నేల మునగదని పటం చెబుతుంది! 2019లో ఇద్దరు పరిశోధకులు, కుల్ప్, స్ట్రాస్ అనేవారు, ఈ దోషాన్ని సవరించి చూడగా, నేటి పోటు మట్టానికి దిగువన నివసించేవారు ప్రపంచంలో 2 కోట్ల 80 లక్షలు కాదు, 11 కోట్లు అని తేలినది. విమానం నుండి లేజరు కిరణాలు ప్రసరింపజేసే లైడార్ పద్ధతిలో కొన్ని కిరణాలు ఆకుల సందులలో నుండి నేలను తాకి వస్తాయి. కావున దానిపై ఎక్కువ నమ్మకం ఉంచవచ్చు. వ్యయం మాత్రం ఎక్కువ.

వీటన్నిటికి మూలమైన ఆ సున్న కూడ కదులుతున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక చెబుతున్నది. 2006 తరువాత దాని వేగం ఏటికి 3.7 మిల్లీమీటర్లు. 1992 నుండి ఉపగ్రహాలు 1300 కిలోమీటర్లకు పైబడిన ఎత్తు నుండి రాడారు తరంగం పంపి, అది నీటిని తాకి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి ఈ మార్పును కనిపెడుతున్నవి. మంచు కరగటం ఒక కారణం, వేడికి నీరు వ్యాకోచించటం మరొకటి. మన డెల్టాలకు వేరొక బాధ కూడ ఉన్నది. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపివేయగా కృష్ణా, గోదావరి డెల్టాల నేల క్రుంగుతున్నది. నీరు ఎక్కి, నేల దిగితే తీరవాసికి రెండూ కలిసే వస్తాయి. కిలోమీటరుకు ఒక మీటరు మాత్రమే వాలు ఉన్న నేలపై ఒక అడుగు నీరు పెరిగితే అది 300 మీటర్లు లోపలికి వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమపై సుమారు 5 మీటర్ల ఉప్పెన విరుచుకుపడి దాదాపు 10 వేలమందిని బలిగొన్నది. అట్టి ఉప్పెన మరల వస్తే అది పెరిగిన మట్టం మీద నుండి బయలుదేరుతుంది. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం వారు తీరప్రాంతపు బలహీన స్థలాల పటాలు తయారుచేసినారు. భూగోళ విద్యార్థులు వాటిని తప్పక చూడవలెను.

మా కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఒక లెవెలింగు యంత్రం, ఒక అంకెల కర్ర కొనటం మోయలేనంత భారం కాదు. 2024 వరద మున్నేటి ఒడ్డున ఇండ్ల గోడలపై విడిచిన మరకలు మాసిపోతున్నవి. మన విద్యార్థులు ఆ ఎత్తులను సమీపంలోని బెంచి మార్కుకు ముడిపెట్టి వ్రాసి ఉంచితే, రేపు పటం గీసే ఇంజనీరుకు అవి సాక్ష్యాలవుతాయి. గుర్తు రంగుతో వేస్తే వచ్చే పండుగకు వేసే సున్నంలో కలిసిపోతుంది. ఇంటి యజమాని అనుమతితో ఉలితో చెక్కి, ప్రక్కన తేదీ వేయవలెను.