తుర్రేబాజ్ ఖాన్

గంభీరావుపేటనుండి కామారెడ్డి మీదుగా హైదరాబాదునకు పోవువారికి దారిలో తూప్రాన్ ప్రాంతము తగులును. 1859 జనవరి 24న తుర్రేబాజ్ ఖాన్ ఆ పరిసరములందే చంపబడెను. మౌల్వీ అలాఉద్దీన్‌తో కలిసి 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై దాడి నడపిన రోహిలా నాయకుడితడు. ఫిరంగుల యెదుట ఆ దాడి నిలువలేదు. పట్టుబడి ద్వీపాంతర శిక్ష పొందిన ఖాన్ చెరనుండి తప్పించుకొనెను. ఆరు దినములకే ప్రాణము పోయెను. శవమును నగరమునకు తెచ్చి బహిరంగముగా వ్రేలాడదీసిరి.

అమెరికా అంతర్యుద్ధమున (1861-65) పోరాడిన సామాన్య సైనికుల ఉత్తరములు వేలకొలది నిలిచియున్నవి. అచ్చటి పరిశోధకులు వారి మాటలనే వినగలరు. ఖాన్ కథకు ముఖ్యాధారము అతనిని శిక్షించిన ప్రభుత్వపు కాగితములే. అందతడు నేరస్థుడు. ఆ వ్రాతలనుండి వీరుని వేరుచేసి చూపుట చరిత్రకారులకు సులభమైన పని కాదు.

జనుల నోట మాత్రము వేరొక సాక్ష్యమున్నది. బడాయి పలుకువానిని తెలంగాణమున “నువ్వేమన్నా తుర్రం ఖానువా?” అని నేటికిని అడుగుదురు. ఆ పేరు ఇతనిదేయని పలువురందురు.