డాలీగంజ్ మాట సముద్రం చుట్టి రావాలా?

అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక స్థానం. అందువల్ల అక్కడి కార్యాలయాలు ఏ సాధనంతో మాట్లాడుకోవాలన్నది కూడా ఢిల్లీ ఫైళ్ళలో తేలవలసినదేనన్న ధోరణి రాజధానిలో ప్రబలింది. ఆ ధోరణి దీవులకు క్షేమకరం కాదని నా అభిప్రాయం.

2020 ఆగస్టు 10న ప్రధాని మోదీ చెన్నై-పోర్ట్‌బ్లెయిర్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం దాదాపు 1,224 కోట్ల రూపాయలు. అంతకు పూర్వం ఉపగ్రహాలే దిక్కు. పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది. ఆ నగరంలోని డాలీగంజ్‌లో పారిశ్రామికవాడ ఉన్నది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి అటల్ కేంద్రమూ ఉన్నది.

అటువంటి చోట ఇద్దరు ఉద్యోగులు పక్కపక్క గదుల నుంచి మాట్లాడుకుంటున్నారనుకుందాం. సర్వరు చెన్నైలోనో, ముంబయిలోనో ఉన్నట్లయితే ఆ మాట సముద్రం దాటి వెళ్ళి, తిరిగి రావలసిందే. కేబుల్ తెగిందా, గోడకు ఆవలి మనిషికి సైతం కబురందదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీని చవిచూసిన దీవులకు దీని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. సర్వరు డాలీగంజ్‌లోనే ఉంటే, బయటి సంబంధం తెగినా లోపలి మాట సాగుతుంది.

సాధనాలకు కొదవ లేదు. వీడియో సమావేశాలకు జిట్సీ, రాతపూర్వక సంభాషణకు మాట్రిక్స్ ఉన్నాయి. ఎవరైనా తమ సర్వరులో నెలకొల్పుకోవచ్చు. ఫ్రెంచి ప్రభుత్వం 2019లో మాట్రిక్స్ పునాదిపైనే తన ఉద్యోగులకు ‘చాప్’ను అందించింది. మన హోంశాఖ 2020 ఏప్రిల్‌లో జూమ్ సురక్షితం కాదని హెచ్చరించింది. అదే ఏడాది స్థాయీ సంఘాల సమావేశాలను వీడియో ద్వారా జరపాలని సభ్యులు కోరగా, రహస్యతా నిబంధనల దృష్ట్యా వెంకయ్యనాయుడు, ఓం బిర్లా అందుకు సమ్మతించలేదు. మాట ఎవరి సర్వరు గుండా పోతున్నదన్నది పార్లమెంటుకే పట్టింపు అయినప్పుడు, దీవిలోని చిన్న కార్యాలయానికి కాకూడదా?

అయితే సొంతమైనదల్లా భద్రమన్న భ్రమ పనికిరాదు. జిట్సీ సమావేశంలో ప్రత్యేక రక్షణను విడిగా అమర్చుకోనిచో సర్వరు నిర్వాహకుడు సంభాషణను వినగల అవకాశం ఉన్నది. మొబైల్ ఫోనులో గంట మోగించే సంకేతం సాధారణంగా గూగుల్, యాపిల్ సర్వర్ల మీదుగానే వస్తుంది. కనుక అత్యవసర వేళకు బల్లమీది ఫోన్లు, కంప్యూటర్లు సిద్ధంగా ఉండాలి. విద్యుత్తు పోతే ఆదుకునే బ్యాటరీ కావాలి. ఎప్పటికప్పుడు మరమ్మతులు చేయగల మనిషి ఒక్కడు చాలడు. అతడు సెలవుపై వెళ్ళిననాడు రెండవవాడు కావాలి. ఈ జీతాలను లెక్కలో చేర్చకుండా ‘ఉచిత’మని సంబరపడటం ఆత్మవంచనే.

కొనుగోలుకు ముందు ఒక చిన్న పరీక్ష చాలు. ఒక పూట బయటి తీగను ఊడదీసి చూడాలి. లోపలివారు సర్వరులోకి ప్రవేశించగలిగితే, పరస్పరం మాట్లాడగలిగితే ఆ ఏర్పాటు వారిది. పాస్‌వర్డు సరిచూడటానికే ప్రధాన భూభాగం అనుమతి కావలసివస్తే, యంత్రం డాలీగంజ్‌లో ఉన్నా తాళంచెవి మరొకచోట ఉన్నట్లే. టెండరు పత్రాలలో ధరల పట్టికకు ముందు ఈ పరీక్షకు చోటు కల్పించవలసిన బాధ్యత ఢిల్లీది.