సామెతల గ్రంథంలో చీమ, నిప్పులు, హద్దురాయి

బైబిల్లోని సామెతల గ్రంథానికి 31 అధ్యాయాలు. 31 రోజుల నెలకు సరిగ్గా సరిపోతాయి కాబట్టి ఏ తేదీన ఆ అధ్యాయం చదువుకునే అలవాటు ఎన్నో క్రైస్తవ కుటుంబాల్లో ఉంది. పుస్తకం సొలొమోను పేరు మీద ఉన్నా మాటలన్నీ ఆయనవే కావు. 25వ అధ్యాయం నుంచి వచ్చేవాటిని యూదా రాజు హిజ్కియా మనుషులు ఎత్తి రాశారని గ్రంథమే చెబుతుంది. 30వ అధ్యాయం ఆగూరు అనే ఆయనది. 31వ అధ్యాయం మొదట్లో ఉన్నవి లెమూయేలు అనే రాజుకు అతని తల్లి నేర్పిన బుద్ధులు: తాగుడు జోలికి పోవద్దు, నోరులేనివాళ్ల తరఫున నోరు తెరువు.

10వ అధ్యాయం నుంచి 22వ అధ్యాయం నడుమ దాకా ఉన్న సొలొమోను సామెతల్ని లెక్కపెడితే 375 తేలతాయి. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. సొలొమోను పేరులోని అక్షరాల విలువలు కూడినా 375 వస్తుంది. కూర్చినవారు కావాలనే ఇలా పేర్చారని చాలామంది పండితుల అభిప్రాయం.

బ్రిటిష్ మ్యూజియంలో ఒక ఈజిప్టు పపైరస్ ఉంది. అమెనెమోపే అనే ఉద్యోగి తన కొడుకుకు 30 అధ్యాయాల్లో చెప్పిన నీతులు అందులో ఉన్నాయి. సామెతల గ్రంథం 22, 23 అధ్యాయాల్లోని మాటలకు వీటితో దగ్గరి పోలిక ఉందని 1924లో జర్మన్ పండితుడు అడోల్ఫ్ ఎర్మాన్ చూపించాడు. దీనివల్ల లేఖనం విలువ తగ్గుతుందని కొందరు విశ్వాసులు కలవరపడ్డారు. నాకైతే పోలిక ఎంత ముఖ్యమో తేడా కూడా అంతే ముఖ్యం. విధవరాలి పొలం హద్దు చెరపొద్దని అమెనెమోపే అంటాడు. హెబ్రీ సామెత తండ్రిలేని పిల్లల పొలంలోకి చొరబడొద్దని చెప్పి, వాళ్ల తరఫున వ్యాజ్యం నడిపే విమోచకుడు బలం గలవాడని హెచ్చరిస్తుంది. ఇశ్రాయేలు ధర్మశాస్త్రంలో, అన్యాక్రాంతమైన పొలాన్ని విడిపించాల్సిన విమోచకుడు దగ్గరి బంధువే. అలాంటి బంధువు లేని అనాథకు దేవుడే బంధువై నిలబడతాడన్నమాట. క్రీస్తును విమోచకుడని పిలిచే క్రైస్తవుడు ఆ పిలుపు వెనక ఒక అనాథ పొలం గట్టు ఉందని మరచిపోకూడదు.

సోమరిని చీమ దగ్గరికి పంపిన సామెత మనకు తెలిసిందే. క్రీస్తుకు పూర్వమే జరిగిన గ్రీకు అనువాదంలో ఆ చీమ పక్కనే తేనెటీగ కూడా ఉంది! తొలి శతాబ్దాల గ్రీకు క్రైస్తవుల పాత నిబంధన అదే. తెలుగు బైబిలు హెబ్రీ పాఠాన్ని అనుసరించింది కాబట్టి మనకు చీమ ఒక్కటే మిగిలింది. ఆ చీమ గింజలు దాచుకుంటుందన్న సంగతిని ఐరోపా ప్రకృతి శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. వాళ్ల చలి దేశాల చీమలకు ఆ అలవాటు లేదు మరి. దక్షిణ ఫ్రాన్స్‌లో చీమల పుట్టలు తవ్వి చూసిన మాగ్రిడ్జ్ అనే పరిశోధకుడు 1873లో పుస్తకం వేసి, గింజల కొట్లు నిజంగానే ఉన్నాయని నిరూపించాడు.

నాలుగో శతాబ్దంలో ఈ గ్రంథంలోని ఒక్క వచనం సంఘాన్నంతా కుదిపేసింది. 8వ అధ్యాయంలో జ్ఞానం స్త్రీలా మాట్లాడుతూ, సృష్టికి ముందే యెహోవా తనను కలుగజేశాడంటుంది. ఆ జ్ఞానమే క్రీస్తని అప్పటి క్రైస్తవులు దాదాపు అందరూ ఒప్పుకున్నారు. అలాగైతే కుమారుడు కూడా సృష్టి పొందినవాడేనన్నాడు ఆరియస్ అనే సంఘ పెద్ద. 325లో నైసియా సభ ఆ బోధను తోసిపుచ్చింది. ఆ మాట క్రీస్తు ధరించిన మానవ దేహం గురించేనని బిషప్ అతనాసియస్ పేజీలకు పేజీలు వాదించాడు. 537లో కాన్‌స్టాంటినోపుల్‌లో జస్టీనియన్ ప్రతిష్ఠించిన హేగియా సోఫియా చర్చి పేరు కూడా ఈ దైవజ్ఞానానిదే.

శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టు, దప్పికగా ఉంటే నీళ్లివ్వు, అలా చేస్తే అతని తల మీద నిప్పులు పోసినట్టే అనే సామెత 25వ అధ్యాయంలోది. రోమా పత్రికలో పౌలు దీన్నే ఎత్తుకున్నాడు. నిప్పులంటే రాబోయే శిక్ష అన్నవాళ్లున్నారు. అగస్టీను, జెరోము అలా అనుకోలేదు. మేలు పొందిన శత్రువు మనసును కాల్చే పశ్చాత్తాపమే ఆ నిప్పులన్నారు. నేను వాళ్ల పక్షమే. కీడును మేలుతో జయించమని పౌలు ఆ వెంటనే రాశాడు. పగతో వడ్డించిన అన్నంతో అది జరగదు.

బెత్తం పక్కన పెడితే పిల్లలు పాడవుతారన్న ఇంగ్లీషు నానుడి బైబిల్లో ఆ మాటల్లో లేదు. 17వ శతాబ్దంలో శామ్యూల్ బట్లర్ రాసిన ‘హ్యూడిబ్రాస్’ అనే వ్యంగ్యకావ్యం నుంచి వచ్చింది. 13వ అధ్యాయంలో దానికి దగ్గరి సామెత ఉంది. కానీ దాని రెండో సగం ప్రేమ గురించి, బిడ్డను వేళకు దిద్దడం గురించి. పిల్లవాణ్ణి నడవాల్సిన దారిలో పెంచితే పెద్దయ్యాక తప్పిపోడన్న 22వ అధ్యాయపు మాట వల్ల బాధపడినవాళ్లున్నారు. బిడ్డ దారి తప్పితే, తప్పంతా తమదేనని కుమిలిపోయే తల్లిదండ్రులు వాళ్లు. సామెత సాధారణంగా జరిగేదాన్ని చెబుతుంది, పూచీ ఇవ్వదు. నీతిమంతుడైన యోబు పిల్లల్ని పోగొట్టుకున్న కథ కూడా అదే బైబిల్లో ఉంది. ప్రసంగ వేదికల మీద ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

చివరి అధ్యాయంలోని గుణవతి పద్యంలో 22 వచనాలున్నాయి. ఒక్కో వచనం హెబ్రీ అక్షరమాలలోని ఒక్కో అక్షరంతో వరుసగా మొదలవుతుంది. ఇంగ్లండు సన్యాసి బీడ్ ఆమెలో సంఘాన్ని చూశాడు. యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికి ముందు ఈ పద్యం పాడతారు. మన తెలుగు సంఘాల్లో పెళ్లి ప్రసంగాల్లో ఇది తరచూ వినబడే భాగం. అయితే ఆ ప్రసంగాల్లో ఆమె ఓర్పు గురించి వినబడినంతగా, తానే పొలం చూసి కొన్న సంగతి, సంపాదనతో ద్రాక్షతోట వేసిన సంగతి, నారబట్టలు నేసి అమ్మిన సంగతి వినబడవు. ఈసారి పెళ్లిలో పాస్టరుగారు ఆ వచనాలు కూడా చదివి వివరించాలని నా కోరిక.