ఇంజను మిస్సింగు – కారణమును కనుగొను విధము

విద్యార్థులారా, మోటారుబండి నిలిచియుండగా ఇంజను సమముగా మ్రోగక వణకుటయు, ఎత్తు నెక్కునప్పుడు బలము చాలకుండుటయు మీలో కొందరు చూచియే యుందురు. మెకానిక్కులు దీనిని మిస్సింగు అందురు. ఏదియో యొక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవుటయే యిది. మంటకు వలసినవి మూడు: తగిన పాళ్ళలో గాలియు పెట్రోలును, ఆ మిశ్రమమును బిగించు ఒత్తిడి, సకాలమున నిప్పురవ్వ. ఇంజను నిమిషమునకు 750 చుట్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరునందును 375 మారులు ఈ మూడును కూడవలెను.

గత వేసవిలో మా బండికి ఈ జబ్బు కలిగినది. మేము తొందరపడి నాలుగు ప్లగ్గులను క్రొత్తవి వేసితిమి. సొమ్ము పోయెను గాని జబ్బు పోలేదు. పిమ్మట నిదానించి పరీక్షింప మొదలిడితిమి.

నేటి బండ్లలో ఏ సిలిండరు తప్పుచున్నదో కంప్యూటరు గుర్తుంచుకొనును. స్టీరింగు క్రింది సాకెట్టునకు చిన్న స్కానరును తగిలించిన ఆ గుర్తు కనబడును. పి 0301 అనిన మొదటి సిలిండరు, పి 0304 అనిన నాలుగవది. పి 0300 అనిన తప్పు ఒక్క సిలిండరునకే చెందినదని చెప్పరాదు. మాకు పి 0302 వచ్చెను. మా బండిలో సిలిండరున కొక కాయిలు గలదు. ఇంజను నాపి, చల్లారిన పిదప రెండవ, మూడవ కాయిళ్ళను తారుమారు చేసి, పాత గుర్తును తుడిచి మరల నడిపితిమి. ఈసారి పి 0303 వచ్చెను. తప్పు కాయిలు వెంట కదలినది గావున చెడినది కాయిలే. అట్లు కదలనిచో ప్లగ్గును, పిదప ఇంజెక్టరును పరీక్షింపవలెను. ఒత్తిడియే తగ్గినచో వాల్వులో పిస్టను రింగులో చెడియుండవచ్చును. అది మెకానిక్కు చేయదగిన పని.

విప్పిన ప్లగ్గు కొనయు సాక్ష్యము చెప్పును. లేత గోధుమరంగు మంచి గుర్తు. పొడిమసి యున్న పెట్రోలు హెచ్చినదనియు, నూనెజిడ్డు యున్న ఇంజను నూనె లోనికి చేరుచున్నదనియు తలపవచ్చును.

రెండు హెచ్చరికలు. కాయిలునుండి వేలకొలది వోల్టులు వెలువడును; ఇంజను నడుచుచుండగా దానిని ముట్టరాదు. ఇంజను దీపము మినుకుమినుకుమనిన, బండిని క్షేమమైన చోట నాపవలెను. మండని పెట్రోలు పొగగొట్టములోని కాటలిటిక్ కన్వర్టరును చేరి, మితిమీరిన వేడిచే దానిని పాడుచేయును. దాని వెల కాయిలు వెలకు ఎన్నోరెట్లు.

ఒకసారి ఒక్కదానినే మార్చి ఫలమును వ్రాసికొనుడని ప్రయోగశాలలో మీకు ఏటేట చెప్పుచున్నాము. ఆ పాఠమును మేమే మరచి నాలుగు ప్లగ్గుల వెల చెల్లించితిమి. మీరు మరువకుందురు గాక.